రాజులు పెట్టుకోని పేరు



మాస్టారు మాకు శాసనాలు చదవడం నేర్పేటప్పుడు రాజుగారి బిరుదావళిని గబగబా దాటించేసేవారు. ఆ సంస్కృత సమాసాల హోరు అయిపోయాక కిందెక్కడో పొలం హద్దుల్లో రైతుల పేర్లు, దానానికి సాక్షులుగా నిలబడ్డవాళ్ళ పేర్లు, ఆఖర్న రాయి చెక్కినవాడి పేరు వచ్చేవి. అక్కడ ఆగేవారు. ఆగారంటే ఇక ఆ పూట పాఠం అంతే. రాజుల పేర్లు తాత నుంచి మనవడికి ఆస్తిలా వస్తాయి, వాటిలో కొత్తగా తెలిసేదేమీ ఉండదు. మామూలు మనిషి తన కొడుక్కి ఏం పేరు పెట్టుకున్నాడన్నదే అసలు కబురు అని ఆయన అభిప్రాయం. ఆయన పేరున జరిగే ఈ ఉపన్యాసానికి నన్ను పిలిచినప్పుడు, ఆ చూపుతోనే ఒక దూరదేశపు పేరు వెంట కాసేపు నడిచి చూద్దామనిపించింది.

ఆ దేశం పోలండ్. ఆ పేరు వోయ్‌చెఖ్.

పోలండ్ రాజుల పట్టిక తీసి చూడండి. మ్యెష్కోలు, బొలెస్వాఫ్‌లు, కజీమ్యెష్‌లు, వ్వదీస్వాఫ్‌లు, తరవాత జిగ్‌మున్త్‌లు వరసగా కనిపిస్తారు. వోయ్‌చెఖ్ అనే రాజు ఒక్కడూ లేడు. అయినా ఆ రాజ్యం ఐరోపాలో నలుగురి మధ్య తలెత్తుకుని కూర్చున్నది ఒక వోయ్‌చెఖ్ సమాధి దగ్గరే. ఆ సమాధి వల్ల లాభపడ్డ రాజవంశం తన కొడుకులకి ఆ పేరు పెట్టుకోలేదు. రైతులు పెట్టుకున్నారు, పంతుళ్ళు పెట్టుకున్నారు, నాటకాలవాళ్ళు పెట్టుకున్నారు, గనికార్మికులు పెట్టుకున్నారు. అది వెయ్యేళ్ళు నిలిచింది అందువల్లనేనని నాకు అనిపిస్తోంది.

ముందు పేరు సంగతి. దాన్ని పలికేటప్పుడు 'వోయ్' మీద ఊనిక వేసి, చివరి ఖకారాన్ని గొంతులో గాలి రాపిడితో వదిలేయాలి. రెండు ముక్కల పేరు ఇది. మొదటి ముక్క 'వోయ్' అంటే యోధుడు. రెండో ముక్క 'చెఖ్' సంతోషానికి సంబంధించింది. యుద్ధంలో ఆనందించేవాడు, యోధులకు ఆనందం కలిగించేవాడు అని రెండు రకాలుగా అర్థం చెబుతారు. ప్రాచీన స్లావుల పేర్లు చాలావరకు ఇలా రెండేసి మాటలు అతికి తయారైనవే. బొలెస్వాఫ్‌లో ఆధిక్యమూ కీర్తీ ఉన్నాయి, వ్వదీస్వాఫ్‌లో అధికారమూ కీర్తీ, మిరొస్వాఫ్‌లో శాంతీ కీర్తీ. బిడ్డ ఎలా ఎదగాలని కోరుకున్నారో అదే పేరై కూర్చునేది.

అన్నీ అంత ఘనమైన పేర్లే అనుకోకండి. మధ్యయుగపు పోలిష్ పత్రాల్లో న్యెలుబ్, న్యెమూయ్ లాంటి పేర్లూ ఉన్నాయి. మొదటిదానికి ఇష్టం లేనివాడు అని, రెండోదానికి నావాడు కాదు అని అర్థం. కన్నబిడ్డకి ఎవరైనా ఇలాంటి పేరు పెడతారా అని పోలండ్‌లో ఇప్పటివాళ్ళు ఆశ్చర్యపోవచ్చు గానీ, వరసగా బిడ్డలు పోయిన ఇంట్లో మిగిలినవాడికి పెంటయ్య అని పేరు పెట్టిన మనకి ఆ తల్లి భయం వివరించి చెప్పనక్కర్లేదు. చెడ్డచూపు పక్కకి పోవాలి, అంతే.

ఆ రోజుల్లో మగపిల్లవాడికి ఏడేళ్ళ వయసులో జుట్టు కత్తిరించే వేడుక జరిగేది. అంతవరకూ తల్లి చేతిలో ఉన్నవాడు ఆ రోజుతో తండ్రి చేతికి వచ్చేవాడు. 12వ శతాబ్దపు తొలి రోజుల్లో పోలండ్ చరిత్రను లాటిన్‌లో రాసిన ఒక అజ్ఞాత రచయిత ఉన్నాడు, ఆయన్ని గాలస్ అంటారు. రాజవంశానికి మూలపురుషుడైన షెమోవిత్‌కి ఆ పేరు పెట్టింది ఆ వేడుకలోనే, ఎక్కడినుంచో వచ్చిన ఇద్దరు బాటసారులు పెట్టారు అని ఆయన రాశాడు. పుట్టుగుడ్డి అయిన మ్యెష్కోకి చూపు వచ్చింది కూడా ఆ వేడుక రోజునే అన్నాడు. కథలో నిజమెంతో వదిలేయండి. పేరు పెట్టడం ఎంత పెద్ద పనిగా అనుకున్నారో దాన్నిబట్టి తెలుస్తుంది.

ఇప్పుడు అసలు మనిషి దగ్గరికి వద్దాం. ఆయన పోలండ్‌వాడు కాదు, చెక్ దేశస్థుడు. 956 ప్రాంతంలో బొహీమియాలోని లిబిట్సెలో, ప్రాగ్ పాలకులకి పోటీగా నిలిచిన స్లావ్నిక్ అనే సామంతుడి ఇంట పుట్టాడు. చెక్ భాషలో పేరు వొయ్‌త్యెఖ్. సామంతుడి కొడుకు కత్తి పట్టాల్సినవాడు, పేరూ అలాగే ఉంది. పసివాడిగా ఉన్నప్పుడు జబ్బు చేసి బతుకుతాడో లేదో అనిపిస్తే తల్లిదండ్రులు చర్చి పీఠం మీద పడుకోబెట్టి దేవుడికి ఇచ్చేస్తామని మొక్కుకున్నారట. బతికాడు. మొక్కు ప్రకారం చదువుకోసం జర్మన్ నగరం మాగ్డెబుర్గ్ పంపారు. అక్కడి ఆర్చిబిషప్ అడాల్బర్ట్ ఈ పిల్లవాడికి తన పేరే ఇచ్చాడు. అప్పటినుంచి పడమటి దేశాలకి ఆయన అడాల్బర్ట్, స్లావులకి వోయ్‌చెఖ్. ఈ రెండు పేర్ల వ్యవహారం తరవాత తొమ్మిది వందల ఏళ్ళు గుమాస్తాల్ని తిప్పలు పెట్టింది. అక్కడికి మళ్ళీ వస్తాను.

ముప్ఫై ఏళ్ళయినా నిండకుండానే ప్రాగ్ బిషప్ అయ్యాడు. ఆ ఊరు ఆయనకి అచ్చిరాలేదు. బానిసల వ్యాపారం, పెద్దల ఆగడాలు చూసి విసిగి రోముకి పోయి మఠంలో చేరాడు. వెనక్కి పిలిపించారు. మళ్ళీ వెళ్ళిపోయాడు. 995 సెప్టెంబరులో ప్రత్యర్థులు లిబిట్సె కోటమీద పడి ఆయన అన్నదమ్ముల్ని నరికేశారు. ఇక ఆయనకి తిరిగి వెళ్ళడానికి ఇల్లు లేదు. అప్పుడు పోలండ్ పాలకుడు బొలెస్వాఫ్ ఖ్రోబ్రీ ఆశ్రయమిచ్చాడు. బాల్టిక్ తీరంలో ఇంకా పాత దేవుళ్ళనే కొలుస్తున్న ప్రష్యన్ల దగ్గరికి మతబోధకి వెళ్తానన్నాడీయన. ఆ ప్రష్యన్లు బాల్టిక్ జాతివాళ్ళు, తరవాతి కాలపు జర్మన్ ప్రష్యాతో కలిపేసుకోవద్దు.

బొలెస్వాఫ్ ఒక పడవనీ, ముప్ఫై మంది సాయుధుల్నీ ఇచ్చి పంపాడు. దారిలో గ్దాన్‌స్క్‌లో ఆగి చాలామందికి జ్ఞానస్నానం చేయించాడు. ఆ ఊరి పేరు రాతలో మొదటిసారి కనిపించేది ఈయన జీవితచరిత్రలోనే. అందుకే 1997లో ఆ నగరం వెయ్యేళ్ళ పండగ చేసుకుంది. ప్రష్యన్ల తీరం చేరాక వోయ్‌చెఖ్ ఆ సైనికుల్ని పడవతో సహా వెనక్కి పంపేశాడు. యోధుల ఆనందం అని పేరున్న మనిషి యోధుల్ని వద్దన్నాడు. పక్కన మిగిలింది ఇద్దరే: సవతి తమ్ముడు రదీమ్, బెనెడిక్ట్ అనే పూజారి. 997 ఏప్రిల్ 23న ఈటెలతో పొడిచి చంపారు. తల నరికి కొయ్యకి గుచ్చారు. అది ఏ చోటన్నది పండితులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. ఎల్బ్లాంగ్ దగ్గరి పల్లె అని కొందరు, ఇంకా తూర్పున సాంబియా తీరమని కొందరు.

బొలెస్వాఫ్ ఆ శరీరానికి తూకానికి తూకం బంగారమిచ్చి కొన్నాడని కథ. భక్తి ఉంది, లెక్కా ఉంది. 999లో పోపు వోయ్‌చెఖ్‌ని సెయింట్‌గా ప్రకటించాడు. 1000వ సంవత్సరం మార్చిలో చక్రవర్తి మూడో ఒట్టో, చనిపోయినాయనకి స్వయానా మిత్రుడు, సమాధి చూడటానికి గ్నెజ్నో వచ్చాడు. ఊరు కనబడగానే చెప్పులు విడిచి నడిచాడని సమకాలికుడు టీట్మార్ రాశాడు. తన తలమీది కిరీటం తీసి బొలెస్వాఫ్ తలమీద పెట్టాడని గాలస్ రాశాడు. గ్నెజ్నోకి సొంత ఆర్చిబిషప్ పీఠం వచ్చింది, మొదటి ఆర్చిబిషప్ ఆ సవతి తమ్ముడు రదీమే. అంటే జర్మన్ ఆర్చిబిషప్‌ల చేతికింద పడకుండా పోలండ్ చర్చి తన కాళ్ళమీద నిలబడింది. తూచిన బంగారానికి బొలెస్వాఫ్‌కి ముట్టిన ప్రతిఫలం తక్కువేం కాదు. 1025లో ఆయన రాజుగా పట్టాభిషిక్తుడయ్యాడు కూడా.

ఈ కథ మొత్తం గ్నెజ్నో కతీడ్రల్ కంచు తలుపులమీద ఉంది. 12వ శతాబ్దంలో పోతపోసిన రెండు రెక్కలు. ఒక్కో రెక్కమీద తొమ్మిదేసి బొమ్మలు. ఎడమ రెక్క ఏకంగా ఒకే పోత, కుడి రెక్క ముక్కలు ముక్కలుగా పోసి అతికింది. కథ ఎడమ రెక్క అడుగున మొదలై పైకెక్కుతుంది, కుడి రెక్కమీద కిందికి దిగుతుంది. అడుగున తల్లి పడుకుని ఉంటే దాదులు బిడ్డకి స్నానం చేయిస్తున్నారు. పైకి వెళ్ళేకొద్దీ చదువు, బిషప్ దండం, సంకెళ్ళలో ఉన్న బానిసల్ని విడిపించమని పాలకుణ్ణి అడగడం. కుడివైపు పైన పడవ ఒడ్డుకి వస్తుంది. కిందికి దిగితే ఈటెలు, కొయ్యమీద తల, శరీరానికి కాపలాగా గద్ద. ఆ తరవాత తక్కెడ. బంగారం తూస్తున్న బొమ్మలో ఎవరి ముఖంలోనూ దుఃఖం కనిపించదు, అందరూ తూకం సరిగ్గా ఉందా లేదా అన్నట్టే ఉంటారు. ఆ శిల్పి ఎవరో గానీ సంతలో బేరాలు బాగా చూసినవాడని నా అనుమానం.

మరి ఇంత మేలు చేసిన పేరుని రాజులు ఎందుకు పెట్టుకోలేదు? రాజవంశాలకి పేరు అంటే వారసత్వ హక్కు పత్రం. బొలెస్వాఫ్ అని పేరుందంటే సింహాసనంలో వాటా ఉందని చెప్పకనే చెప్పినట్టు. బయటినుంచి వచ్చిన బిషప్ పేరుకి ఆ బలం లేదు. ఆ కారణంగానే మధ్యయుగంలో మామూలు ఇళ్ళవాళ్ళు రాజవంశపు పేర్ల జోలికి అంతగా పోలేదు కూడా. వంశం అంతరించినకొద్దీ ఆ పేర్లూ వాడిపోయాయి. మ్యెష్కో అనే పేరైతే కొన్ని వందల ఏళ్ళు దాదాపు మాయమైంది. వోయ్‌చెఖ్‌కి ఆ కంచె లేదు. ఎవరైనా పెట్టుకోవచ్చు. 16వ శతాబ్దంలో ట్రెంట్ మహాసభ తరవాత కాథలిక్ చర్చి సెయింట్ల పేర్లు పెట్టమని గట్టిగా చెప్పడం మొదలుపెట్టాక పాత స్లావ్ పేర్లు చాలా రాలిపోయాయి. రాలకుండా నిలిచినవి సెయింట్ల అండ ఉన్న స్తనిస్వాఫ్, కజీమ్యెష్, వోయ్‌చెఖ్ లాంటివి. 19వ శతాబ్దంలో దేశం పోగొట్టుకున్న మధ్యతరగతి ఇళ్ళల్లో పాత పేర్లని మళ్ళీ తవ్వితీశారు గానీ, వోయ్‌చెఖ్‌ని తవ్వాల్సిన పని ఎవరికీ రాలేదు.

చర్చి రిజిస్టర్ల విషయం చెప్తానన్నాను. పూజారి లాటిన్‌లో రాయాలి. వోయ్‌చెఖ్‌కి లాటిన్ ఏది? సెయింటుగారి రెండో పేరు ఉండనే ఉంది కదా, అడాల్బెర్తుస్ అని రాశాడు. కొందరు ఇంకా కురచ చేసి అల్బెర్తుస్ అన్నారు. 15వ శతాబ్దంలో క్రాకుఫ్ విశ్వవిద్యాలయంలో ఖగోళశాస్త్రం చెప్పిన పండితుణ్ణి ప్రపంచం బ్రుజెవో ఆల్బర్ట్ అంటుంది, పోలండ్ బ్రుజెవో వోయ్‌చెఖ్ అంటుంది. కోపర్నికస్ విద్యార్థిగా ఉన్న రోజుల్లో ఆ విశ్వవిద్యాలయంలో పెద్ద పేరు ఆయనదే. 18వ శతాబ్దం చివర రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా పోలండ్‌ని మూడు ముక్కలుగా పంచుకున్నాక ఈ తిప్పలు మూడింతలయ్యాయి. ఆస్ట్రియా కింద పుట్టిన రైతు కొడుకు రిజిస్టర్లో లాటిన్ అడాల్బెర్తుస్. ప్రష్యా కింద పుట్టినవాడు జర్మన్ అడాల్బర్ట్. రష్యా వాటాలో 1868 నుంచి రికార్డులన్నీ రష్యన్ లిపిలో. అమెరికా ఓడెక్కినవాళ్ళలో చాలామంది అక్కడ దిగాక ఆల్బర్ట్‌లయ్యారు. ఇవాళ తాతముత్తాతల్ని వెతుక్కుంటూ వచ్చే అమెరికన్ మనవలకి ఈ ముడి తెలియకపోతే కాగితాల్లో తాత దొరకడు. వంటింట్లోంచి తల్లి పిలిచే పిలుపు మాత్రం ఈ నాలుగుచోట్లా ఒకటే: వోయ్‌తెక్. ఇంకా ముద్దొస్తే వోయ్‌తుష్.

వోయ్‌తెక్ అనేది పట్నంవాళ్ళ చెవికి చాలాకాలం పల్లెటూరి పేరు. బార్తెక్, మాచెక్, వోయ్‌తెక్ అంటే మట్టి కాళ్ళవాళ్ళు అని అర్థం. ఆ మట్టి కాళ్ళవాడొకడు 1794లో చరిత్రలోకి నడిచొచ్చాడు.

ఆ ఏడాది సంగతి కొంచెం నిదానంగా చెప్పుకోవాలి. మార్చి 1న వార్సాలో వోయ్‌చెఖ్ బొగుస్వాఫ్‌స్కి ఒక సంగీత నాటకం వేశాడు. పోలిష్ నాటకరంగానికి తండ్రి అని పేరుపడ్డవాడు ఆయన. నాటకంలో క్రాకుఫ్ పల్లె జనానికీ కొండ జనానికీ తగవు. పైకి పల్లెపాటల సరదా, లోపల రష్యా పెత్తనంమీద చురకలు. ప్రేక్షకులు ఏ మాట ఎక్కడ తగలాలో అక్కడ తగిలించుకుని చప్పట్లు కొట్టారు. కొద్ది ప్రదర్శనలకే అధికారులు ఆపించేశారు. నాలుగు వారాలు తిరక్కుండానే, మార్చి 24న క్రాకుఫ్ సంతవీధిలో తదేయుష్ కోష్చూష్కో తిరుగుబాటు ప్రమాణం చేశాడు. వేదికమీద కనిపించిన క్రాకుఫ్ రైతులు నిజంగానే కొడవళ్ళు పట్టుకుని వచ్చారు. మన చేతికొడవలి కాదు. నిలబడి గడ్డి కోసే పొడవాటి కొడవలి, దాని అలుగుని కర్రకి నిటారుగా బిగించి ఈటెలా చేసుకున్నారు.

ఏప్రిల్ 4న రత్స్‌వవీత్సె దగ్గర రష్యన్ సేన ఎదురుపడింది. కోష్చూష్కో రైతుల దళాన్ని నేరుగా ఫిరంగులమీదికి నడిపించాడు. ముందు పరిగెత్తినవాళ్ళలో ఒక భూస్వామి దగ్గర వెట్టి రైతు ఒకడున్నాడు, జెందొవీత్సె ఊరివాడు, పేరు వోయ్‌చెఖ్ బార్తోష్. ఫిరంగి వత్తి అప్పటికే అంటుకుంది. అతను నెత్తిమీది టోపీ తీసి వత్తిమీద అదిమి ఆర్పేశాడు. పోలండ్ బళ్ళలో ప్రతి పిల్లవాడికీ తెలిసిన బొమ్మ ఇది: టోపీ, వత్తి, మోకాళ్ళ కింద ఫిరంగి. ఆ రోజు గెలిచారు. కోష్చూష్కో అతన్ని పతాకధారి హోదాకి ఎత్తాడు. భూస్వామి వెట్టినుంచి విడిచిపెట్టి భూమి ఇచ్చాడు. ఇంటిపేరుకి గ్వొవాత్స్‌కి అని పెద్దింటి ధ్వని ఉన్న పేరు తగిలించారు. జనం నోట బార్తోష్ గ్వొవాత్స్‌కి అయ్యాడు, సొంత పేరు వోయ్‌చెఖ్ వెనక్కి పోయింది. వెట్టి తీరి సొంత భూమి దున్నుకునే యోగం అతనికి లేకపోయింది. జూన్‌లో ష్చెకొచీని యుద్ధంలో గాయపడి పోయాడు. మరుసటి ఏడాదికి దేశమే పటంలోంచి పోయింది.

నూరేళ్ళ తరవాత, 1893-94లో, ల్వూఫ్ నగరంలో ఆ యుద్ధాన్ని బొమ్మగా గీశారు. మామూలు బొమ్మ కాదు, 15 మీటర్ల ఎత్తు, 114 మీటర్ల పొడవు. గుండ్రటి భవనంలో చుట్టూ కట్టి, చూసేవాణ్ణి మధ్యలో నిలబెట్టే రకం. ఆలోచన యాన్ స్తీకాది. ఆయనతో కలిసి ప్రధానంగా గీసినవాడు గుర్రాల బొమ్మలకి పేరుపడ్డ చిత్రకారుడు వోయ్‌చెఖ్ కొస్సాక్. రెండో ప్రపంచయుద్ధం తరవాత ల్వూఫ్ సోవియట్ వాటాలోకి పోయింది, బొమ్మని చుట్టచుట్టి 1946లో వ్రొత్స్వాఫ్ తెచ్చారు. తెచ్చి దాచారు. రష్యన్ సైన్యం రైతుల చేతిలో ఓడిపోతున్న బొమ్మని ఆ ప్రభుత్వం ఎలా వేలాడదీస్తుంది? దాదాపు నలభై ఏళ్ళు అది చుట్టగానే ఉంది. 1985 జూన్‌లో చివరికి జనానికి చూపించారు. అప్పుడు దేశాన్ని ఏలుతున్నది జనరల్ వోయ్‌చెఖ్ యరుజెల్‌స్కి. టోపీతో వత్తి ఆర్పినవాడు ఒక వోయ్‌చెఖ్, దాన్ని గీసినవాడు ఒక వోయ్‌చెఖ్, చుట్ట విప్పనిచ్చిన ప్రభుత్వానికి పెద్ద ఒక వోయ్‌చెఖ్. ఏ నవలాకారుడైనా ఇలా రాస్తే మరీ అతికించాడని సంపాదకుడు కొట్టేసేవాడు.

యరుజెల్‌స్కి అనగానే పోలండ్‌లో ఒక తరానికి 1981 డిసెంబరు 13 గుర్తొస్తుంది. ఆదివారం పొద్దున పిల్లల కార్యక్రమం కోసం టీవీ పెడితే అది రాలేదు, యూనిఫారంలో, నల్లకళ్ళద్దాలతో ఈయన వచ్చి సైనిక పాలన ప్రకటించాడు. ఆ కళ్ళద్దాలు దర్పం కోసం కాదు. కుర్రవాడిగా ఉన్నప్పుడు సోవియట్‌లు కుటుంబాన్ని సైబీరియా తోలారు, తండ్రి అక్కడే పోయాడు, మంచు వెలుగుకి ఇతని కళ్ళు దెబ్బతిన్నాయి. తనని సైబీరియాకి పంపిన రాజ్యానికే తరవాత నమ్మకస్థుడైన సైనికుడు అతను. ద్రోహి అనేవాళ్ళున్నారు, సోవియట్ దాడి రాకుండా ఆపాడనేవాళ్ళున్నారు. 2014లో ఆయన పోయాక కూడా ఆ వాదన తీరలేదు. 1983 జూన్‌లో వార్సాలోని బెల్వెదెర్ భవనంలో పోపు ఎదుట నిలబడి ప్రసంగం చదువుతుంటే జనరల్ మోకాళ్ళు వణకడం దేశమంతా టీవీలో చూసింది. ఆ పోపు రెండో జాన్ పాల్, అసలు పేరు కరోల్ వొయ్‌తీవా. వొయ్‌తీవా అనే ఇంటిపేరు వోయ్‌చెఖ్‌కి పాత ముద్దుపేరునుంచి వచ్చిందని నామశాస్త్రజ్ఞులు చెబుతారు. ఆ గదిలో ఇద్దరి పేర్లకీ వేరు ఒకటే.

ఇంటిపేర్లలోకి ఈ పేరు ఊటలా దిగిపోయింది. వోయ్‌చెఖొఫ్‌స్కి, వొయ్తాస్, వొయ్‌త్‌కొవ్యాక్, వొయ్‌త్‌చాక్, ఇంకా డజన్ల కొద్దీ. 1926 మేలో వార్సా వంతెనమీద తన పాత స్నేహితుడు పీవ్‌సూత్స్‌కి తిరుగుబాటుకి ఎదురు నిలిచి పదవి పోగొట్టుకున్న అధ్యక్షుడి ఇంటిపేరు వోయ్‌చెఖొఫ్‌స్కి. సైలీషియా గనికార్మికుడి కొడుకు కోర్ఫాంతిని ప్రష్యన్ రిజిస్టరు అడాల్బర్ట్ అని రాసుకుంది. 1921లో జర్మనీమీద తిరుగుబాటు నడిపినప్పుడు అతను వోయ్‌చెఖ్. 1972లో సప్పోరో వింటర్ ఒలింపిక్స్‌లో పోలండ్‌కి మొట్టమొదటి స్వర్ణం తెచ్చిన 19 ఏళ్ళ స్కీ జంపర్ వోయ్‌చెఖ్ ఫొర్తూనా. రెండోవాడితో తేడా ఒక పాయింటులో పదోవంతు. 'ద పియానిస్ట్' సినిమాకి సంగీతం కట్టినాయన వోయ్‌చెఖ్ కిలార్. పట్టిక పెంచను.

ఒక్క వోయ్‌తెక్ గురించి చెప్పకపోతే మాత్రం పోలండ్‌వాళ్ళు నన్ను క్షమించరు. అతను ఎలుగుబంటి. 1942లో సోవియట్ శిబిరాల నుంచి బయటపడ్డ పోలిష్ సైనికులు, వాళ్ళ వెంట వేలాది కుటుంబాలు ఇరాన్ చేరాయి. అక్కడ హమదాన్ దగ్గర ఒక కుర్రవాడి చేతిలో తల్లిలేని ఎలుగుపిల్ల కనిపిస్తే సైనికులు కొనుక్కున్నారు. సీసాతో పాలు పట్టారు. వోయ్‌తెక్ అని పిలిచారు. ఫిరంగిగుళ్ళు మోసే 22వ దళంతో అది ఇరాక్, పాలస్తీనా, ఈజిప్టు తిరిగింది. 1944లో ఇటలీకి ఓడ ఎక్కబోతే జంతువుల్ని ఎక్కించుకోం అన్నారు. సరే అని సైనికుడిగా పేరు నమోదు చేసి ఎక్కించారు. మోంతే కస్సీనో యుద్ధంలో అది గుళ్ళ పెట్టెలు మోసిందని దళంవాళ్ళు చెప్పారు. గుండు మోస్తున్న ఎలుగు ఆ దళం చిహ్నమే అయింది. యుద్ధం గెలిచాక ఈ సైనికుల ఊళ్ళు వేరేవాళ్ళ పాలనలో పడ్డాయి, చాలామంది వెనక్కి పోలేదు. ఎలుగూ పోలేదు. 1947లో ఎడిన్‌బరో జూలో చేరి 1963లో చనిపోయింది. పోలిష్ మాట వినబడితే తల ఎత్తేదని చూడొచ్చినవాళ్ళు చెప్పుకున్నారు.

ఇరాన్ చేరిన ఆ కుటుంబాల్లోని అనాథ పిల్లల్ని నవానగర్ మహారాజు జాం సాహెబ్ దిగ్విజయ్‌సింగ్ తన జామ్‌నగర్ దగ్గర బాలాచడికి పిలిచి సాకాడు. కొల్హాపూర్ దగ్గర వళివడేలో ఇంకా పెద్ద శిబిరం వెలిసింది. వార్సాలో ఇవాళ ఆ 'మంచి మహారాజు' పేరున ఒక చౌక్ ఉంది. కొల్హాపూర్ ఎండలో ఏ తల్లో వోయ్‌తుష్ అని కేకేస్తూ కొడుకు వెనకాల పరిగెత్తే ఉంటుంది. మన దేశపు గాలి ఆ పిలుపు విన్నది అప్పుడే అయ్యుండాలి.

ఎలుగుబంటి సైన్యం జాబితాకెక్కిన ఆ పొట్టి పేరు, పోలండ్‌లో పుట్టిన బిడ్డకి కాగితంమీద పెట్టడానికి వీల్లేదు. ముద్దుపేర్లని జనన రిజిస్టర్లో రాయకూడదని చట్టం. 1986 చట్టం అలాగే అంది, 2015లో నిబంధనలు సడలించి విదేశీ పేర్లకి తలుపులు తీసినప్పుడు కూడా ఆ ఒక్కటీ సడలలేదు. రిజిస్ట్రారు వోయ్‌చెఖ్ అనే రాస్తాడు, వోయ్‌తెక్ అని మీరు ఇంట్లో పిలుచుకోండి. ఈ పట్టుదల నాకు నచ్చింది. పెద్దయ్యాక ఆ పిల్లవాడు న్యాయమూర్తి అయినా కావచ్చు, నిండు పేరు ఒకటి దగ్గర ఉంచి పంపడం తల్లిదండ్రుల బాధ్యతే కదా. ఇప్పటి పట్టికల్లో ఆంతొనీ, నికోదెమ్, యాన్ లాంటివి ముందున్నాయి, వోయ్‌చెఖ్ కాస్త వెనక. 20వ శతాబ్దం మధ్యనుంచి పుట్టినవాళ్ళలో మాత్రం ఏ ఆఫీసుకి వెళ్ళినా ఒకడు తగులుతాడు.

ఆ పేరుకి ఒక రోజు కూడా ఉంది. పోలండ్‌లో పెద్దవాళ్ళు పుట్టినరోజుకంటే నామదినమే ఘనంగా చేసుకునేవాళ్ళు, చాలాచోట్ల ఇప్పటికీ అంతే. గోడ క్యాలెండర్లో ప్రతి తేదీ కిందా పేర్లు అచ్చేసి ఉంటాయి. ఆయన చనిపోయిన ఏప్రిల్ 23 వోయ్‌చెఖ్‌లది. చాలా దేశాల్లో ఆ రోజు సెయింట్ జార్జిది. పోలండ్ చర్చి క్యాలెండర్లో మాత్రం జార్జి పక్కకి జరిగి 24న సర్దుకున్నాడు. సాయంత్రం పూలు, కేకు పట్టుకుని చుట్టాలు స్నేహితులు వస్తారు. పాతకాలపు మర్యాద ప్రకారం పిలవనక్కర్లేదు, తేదీ అందరికీ తెలుసు కాబట్టి వచ్చేస్తారు. నిండు నూరేళ్ళు బతకమని పాట పాడతారు. పుట్టినరోజైతే వయసు బయటపడుతుంది, నామదినానికి ఆ ఇబ్బంది లేదు.

ఇక ఒక మాట చెప్పి సెలవు తీసుకుంటాను, ముఖ్యంగా వెనక వరసల్లోని కుర్రవాళ్ళకి. మీలో కొందరు హైదరాబాదులో కూర్చుని క్రాకుఫ్, వ్రొత్స్వాఫ్ ఆఫీసులతో పనిచేస్తున్నారు, కొందరు అక్కడికే చదువులకి వెళ్తున్నారు. అక్కడ మీకు ఒక వోయ్‌చెఖ్ తప్పకుండా తగులుతాడు. వయసులో పెద్దవాడైతే 'పాన్యె వోయ్‌చెఖు' అని పిలవండి. 'పాన్' మన గారు లాంటిదే, కాకపోతే పేరుకి ముందొస్తుంది. చివరి ఉకారం పిలుపు విభక్తి. ఎప్పుడో ఒకరోజు కాఫీ దగ్గర ఆయనే చెయ్యి చాచి వోయ్‌తెక్ అంటాడు. నువ్వు అనుకునే దగ్గరతనం వచ్చిందని దాని అర్థం. అంతవరకూ తొందరపడకండి. ఏప్రిల్ 23న మాత్రం మరిచిపోకుండా ఫోన్ చెయ్యండి.